పాత మిలిటరీ రైఫిల్‌తో క్లబ్ మ్యాచ్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

క్లబ్ మ్యాచ్‌లకి ఏ పాత రైఫిల్ మంచిదని అడిగితే ప్రతి షూటరూ తన చేతిలో ఉన్నదాని పేరే చెబుతాడు. జర్మన్ మౌజర్ ఉన్నాయన మౌజర్‌ని మించింది లేదంటాడు. బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ ఉన్నాయన మిగతావన్నీ దండగంటాడు. ఇద్దరి మాటా కొంతవరకు నిజమే, కానీ కొత్తగా కొనేవాళ్లకి దాంతో ఒరిగేదేమీ లేదు. రైఫిల్ పేరు చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. అంతకంటే ముందు మీరు ఆడబోయే మ్యాచ్ ఎలాంటిదో తెలియాలి. దానికి తూటాలు ఏడాది పొడవునా దొరుకుతాయో లేదో చూసుకోవాలి. ఆ రైఫిల్ సైట్లు మీ కళ్లకి ఆనతాయో లేదో చూసుకోవాలి.

లైసెన్సులు, కాలిబర్ల (తూటా సైజుల) మీద ఆంక్షలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. కొన్నిచోట్ల మిలిటరీ కాలిబర్లు పౌరుల చేతికి ఇవ్వనే ఇవ్వరు. క్లబ్ సెక్రటరీని అడిగి అది తేల్చుకున్నాకే మిగతా గొడవంతా.

మ్యాచ్ నియమాలు ముందు చదవండి

అమెరికాలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ నడిపే గారండ్, స్ప్రింగ్‌ఫీల్డ్, వింటేజ్ మిలిటరీ రైఫిల్ మ్యాచ్‌ల పద్ధతిని ఉదాహరణకి తీసుకుందాం. దూరం 200 గజాలు. బోర్లా పడుకుని నెమ్మదిగా 10 షాట్లు, మళ్లీ పడుకునే 80 సెకన్లలో 10 షాట్లు, చివర్లో నిలబడి 10 షాట్లు. మొత్తం 300 పాయింట్లు. టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వెడల్పు 7 అంగుళాలు.

ఇక్కడ చిన్న లెక్క వేయాలి. 100 గజాల దగ్గర 3 అంగుళాల గ్రూప్ (షాట్లన్నీ పడే గుంపు వెడల్పు) వేసే రైఫిల్ 200 గజాల దగ్గర సుమారు 6 అంగుళాలు వేస్తుంది. అంటే మామూలు సైనిక రైఫిల్ కూడా, బ్యారెల్ పాడవకుండా ఉంటే, పదిలోనే పెట్టగలదు. ఇంకా సన్నటి గ్రూప్ కోసం రెట్టింపు డబ్బు పోసి అరుదైన మోడల్ వెతకడం వల్ల పడుకుని వేసే షాట్లలో ఒకటో రెండో పాయింట్లు పెరుగుతాయేమో. నిలబడి వేసేటప్పుడు మాత్రం మన చేతుల ఊపు ముందు రైఫిల్ పొరపాటు లెక్కలోకే రాదు. పాయింట్లు పోయేది అక్కడా, 80 సెకన్ల రౌండ్‌లోనూ. కాబట్టి సైట్ ఎంత స్పష్టంగా కనిపిస్తుంది, బోల్ట్ (ప్రతి షాట్‌కీ చేత్తో లాగి తోసే కడ్డీ) ఎంత తేలిగ్గా ఆడుతుంది, ముప్పయ్యో షాట్ దగ్గర భుజం ఏమంటుంది అన్నవే అసలు ప్రశ్నలు.

మీ క్లబ్‌లో 100 గజాల రేంజే ఉంటే, వేగంగా వేసే రౌండ్ అసలు లేకపోతే, లెక్క మారుతుంది. అప్పుడు మెల్లగా ఆడే బోల్ట్ కూడా పెద్ద లోపం కాదు. స్విట్జర్లాండ్‌లో ఏటా జరిగే ఫెల్డ్‌షీసెన్‌లాంటి 300 మీటర్ల షూటింగ్ అయితే ఎక్కువ దూరానికి నమ్మదగిన తూటా ముఖ్యం. ఇంకో మాట: చాలా మ్యాచ్‌లలో రైఫిల్ సైన్యం ఇచ్చిన రూపంలోనే ఉండాలంటారు. వేట కోసం రైఫిల్ చెక్క భాగం (కర్ర) కోసేసి, బ్యారెల్ పొట్టి చేసి, స్కోప్ బిగించిన పాత మౌజర్ చవగ్గా దొరుకుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ మ్యాచ్‌లో గేటు దగ్గరే ఆపేస్తారు.

సైట్లే సగం స్కోరు

పాత రైఫిళ్ల సైట్లు స్థూలంగా రెండు రకాలు. బ్యారెల్ మధ్యలో గాడి సైట్ ఉన్నవి ఒక రకం, కంటికి దగ్గరగా రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఉక్కు పెట్టె) వెనక చిన్న రంధ్రం ఉన్న పీప్ సైట్లు రెండో రకం. గాడి సైట్‌తో గురిపెట్టేటప్పుడు గాడి, బ్యారెల్ చివర ఉండే ముందు మొన, టార్గెట్ ఈ మూడింటినీ కన్ను ఒకేసారి పట్టుకోవాలి. ఇరవై ఏళ్లప్పుడు అది కష్టమనిపించదు. నలభై దాటాక గాడి మసకబారడం మొదలవుతుంది, మొన అంచు ఎక్కడుందో తెలీదు, టెన్షన్‌తో కళ్లు చికిలించడం మొదలుపెడతాం. పీప్ సైట్‌లో రంధ్రం గురించి ఆలోచించాల్సిన పనే లేదు. కన్ను దానంతటదే మధ్యలోంచి చూస్తుంది. చిన్న రంధ్రం గుండా చూసినప్పుడు దగ్గరిదీ దూరానిదీ రెండూ కాస్త స్పష్టంగా తేలతాయి కూడా. ముందు మొనని టార్గెట్ మీది నల్ల గుండ్రం కింది అంచుకి తాకించి ట్రిగ్గర్ నొక్కడమే మిగిలిన పని.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన కార్98కె మౌజర్ మొన పైకి సూదిగా ఉంటుంది, వెనక వి ఆకారపు గాడి. యుద్ధంలో మనిషి ఆకారం మీదకి గబుక్కున పెట్టడానికి అది సరిపోయింది. కాగితం మీద నల్ల గుండ్రం కింద ఆ సూది మొన ఎక్కడ ఆగిందో చెప్పడం మాత్రం కష్టం. వెలుతురు మారితే మొన పొడుగూ పొట్టీ అయినట్టు కనిపించి, తూటాలు పైకీ కిందకీ జారతాయి. చదునైన తల ఉన్న ముందు మొనతో ఈ బాధ చాలా తక్కువ. నా దృష్టిలో కార్98కెకి మ్యాచ్‌లలో ఉన్న ఒకే ఒక్క పెద్ద లోపం ఇది. యాక్షన్ (బోల్ట్, రిసీవర్ కలిసిన భాగం) గట్టిది, పనితనం బాగుంటుంది, కానీ ఆ సైట్లతో పాయింట్లు లాగడానికి మంచి కళ్లు కావాలి.

నలభై దాటినవాళ్లు రైఫిల్ కొనే ముందే కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి, చేయి చాచినంత దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనిపించేలా షూటింగ్ అద్దాలు చేయించుకోవడం మంచిది. చూపు నిలవాల్సింది ముందు మొన మీద. టార్గెట్ కాస్త మసగ్గా ఉన్నా ఫర్వాలేదు.

లీ ఎన్‌ఫీల్డ్: రెండు మోడళ్లు, రెండు వేర్వేరు రైఫిళ్లు

త్రీ నాట్ త్రీ అనగానే అందరికీ గుర్తొచ్చే రూపం నంబర్ 1 మార్క్ 3. మూతి దాకా కర్ర కప్పు, బ్యారెల్ మీద గాడి సైట్. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన నంబర్ 4కి సైట్‌ని రిసీవర్ వెనక్కి తెచ్చి పీప్ పెట్టారు. ముందు వెనక సైట్ల మధ్య దూరం అడుగున్నర నుంచి రెండడుగులు దాటింది. ఆ దూరం పెరిగితే గురిలో చిన్న పొరపాటుకి తూటా పక్కకి పోవడం తగ్గుతుంది. కాబట్టి మ్యాచ్ కోసమే కొనేవాళ్లు నంబర్ 4 తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. చరిత్ర మీద మక్కువతో మార్క్ 3 కొనుక్కునేవాళ్లని తప్పుపట్టను, స్కోరు విషయంలో మాత్రం తేడా తెలుస్తుంది.

నంబర్ 4లో కూడా సైట్ ఏదో చూసుకోండి. కొన్నింటికి 200 నుంచి 1300 గజాల దాకా మెల్లగా తిప్పి సర్దుకునే సైట్ ఉంటుంది. యుద్ధకాలంలో తొందరగా తయారుచేసిన వాటికి 300, 600 గజాలకి రెండు రంధ్రాల మడత సైట్ మాత్రమే. మడత సైట్‌తో 100 గజాల దగ్గర తూటా ఎత్తులో పడుతుంది, దాన్ని దించాలంటే ఎత్తైన ముందు బ్లేడ్ (ముందు మొన) వేయించాలి. బ్లేడ్లు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి కాబట్టి అది సాధ్యమే.

వేగం విషయంలో బోల్ట్ రైఫిళ్లలో దీనికి పోటీ తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ సైనికులకి 300 గజాల దూరంలో నిమిషానికి 15 గురి చూసిన షాట్లు వేసే పరీక్ష ఉండేది. పది తూటాల మ్యాగజైన్. బోల్ట్ పిడి కిందికి వంగి సరిగ్గా ట్రిగ్గర్ పైనే ఉంటుంది. 60 డిగ్రీలు లేపితే చాలు, తెరుచుకుంటుంది. మౌజర్ అయితే 90 డిగ్రీలు లేపాలి. పడుకుని ఉన్నప్పుడు బొటనవేలు చూపుడువేళ్లతో పిడి గుండుని పట్టుకుని పైకీ వెనక్కీ ముందుకీ కిందికీ ఆడిస్తే చెంప కర్ర మీంచి లేవదు, ఎడమ మోచేయి కదలదు, ముందు మొన నల్ల గుండ్రం చుట్టుపక్కలే ఉండిపోతుంది. తూటాని పేల్చే పిన్ను స్ప్రింగ్ బరువు బోల్ట్ మూసేటప్పుడు పడుతుంది కాబట్టి తెరవడం తేలిక. కార్98కె మౌజర్‌లో తెరిచేటప్పుడు పడుతుంది, అందుకే చాలామంది తల ఎత్తేస్తారు. తల ఎత్తితే గురి మళ్లీ మొదట్నించీ వెతుక్కోవాలి.

దీనికున్న చిక్కు తూటా. తూటా వెనక అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి క్లిప్‌లో (తూటాలని ఒకేసారి నింపే రేకు పట్టీలో) పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది దాని అంచుకి ముందు ఉండాలి. వెనకాలైతే మ్యాగజైన్‌లో ఇరుక్కుని 80 సెకన్లు అక్కడే అయిపోతాయి. బోల్ట్ తాళాలు వెనకవైపు ఉండడం, చాంబర్లు (తూటా కూర్చునే గదులు) వదులుగా ఉండడం వల్ల తూటా ఇత్తడి గొట్టాలు, అంటే కేసులు, సాగుతాయి. కేసులు మళ్లీ నింపుకునేవాళ్లు కేసు మొత్తాన్నీ కాక బుల్లెట్‌ని పట్టుకునే మెడని మాత్రమే మళ్లీ సైజుకి నొక్కితే అవి ఎక్కువకాలం వస్తాయి. ఇక బ్యారెల్ కొలతలు రైఫిల్‌కీ రైఫిల్‌కీ మారతాయి. .308 అంగుళాల లావు బుల్లెట్ ఇందులో వదులు, .311 లేదా .312 కావాలి.

ఇషాపూర్‌లో తయారైన 2ఎ1 చూడ్డానికి మార్క్ 3లాగే ఉంటుంది కానీ 7.62 నాటో తూటాకి చేసింది. .303 తూటా దొరకడం కష్టమైన చోట ఇది ఉపయోగమే, సైట్ మాత్రం పాత గాడి సైటే.

స్వీడిష్ మౌజర్, స్విస్ కె31

భుజం నొప్పి గురించి భయపడేవాళ్లకి నేను మొదట చెప్పేది స్వీడిష్ ఎం96. 6.5×55 తూటా మెత్తగా తన్నుతుంది. బ్యారెల్ 29 అంగుళాల పొడవు, రైఫిల్ బరువు ముందుకి ఉంటుంది కాబట్టి నిలబడి పట్టుకున్నప్పుడు ఊగడం తగ్గుతుంది. చాలావాటికి కర్ర మీద ఇత్తడి బిళ్ల ఉంటుంది, బ్యారెల్ లోపలి స్థితి దానిమీద గుర్తులతో రాసి ఉంటుంది. ఆ గుర్తులు సైన్యం చివరిసారి చూసినప్పటివని మర్చిపోకండి. ఒకే ఒక్క చికాకు: సైట్ 300 మీటర్ల నుంచి మొదలవుతుంది. 100 గజాల దగ్గర గుండ్రం కింద గురిపెట్టినా తూటా పైకి పోతుంది. ఎత్తైన ముందు బ్లేడ్ మారిస్తే సరిపోతుంది, మ్యాచ్ నియమాలు ఒప్పుకుంటాయో లేదో ముందు అడగండి. గాడి సైటే అయినా మొన, గాడి శుభ్రంగా కనిపిస్తాయి.

కె31 సంగతి వేరు. బోల్ట్‌ని లేపే పనే లేదు, వెనక్కి లాగి ముందుకి తోస్తే చాలు. ట్రిగ్గర్ రెండు దశల్లో, చివర్లో గాజు విరిగినట్టు తెగుతుంది. ఆ కాలపు సైనిక రైఫిళ్లలో ఇంతకంటే మంచి ట్రిగ్గర్ నేను చూడలేదు. 1931లో తీసుకున్న మోడల్, 1958 దాకా తయారైంది. యుద్ధంలో నలగలేదు కాబట్టి బ్యారెళ్లు తరచూ మంచి స్థితిలో దొరుకుతాయి. బట్ ప్లేట్ కింద రైఫిల్ తీసుకున్న సైనికుడి పేరున్న చీటీ దొరకడం కూడా మామూలే.

కె31 బాగుందా లేదా అన్నది నిజానికి జిపి11 తూటా మీద ఆధారపడిన ప్రశ్న. 174 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) ఆ స్విస్ సైనిక తూటాతో రైఫిల్ అద్భుతంగా కొడుతుంది. అది అయిపోతే 7.5×55 కేసులు కొని మీరే నింపుకోవాలి. చాంబర్ ముందు జాగా చాలా తక్కువ కాబట్టి పొడవాటి బుల్లెట్లు రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపలి మెలిక గాళ్లకి) తగిలేస్తాయి, లోపలికి దించి కూర్చోబెట్టాలి. తూటాలు నింపే అలవాటు లేనివాళ్లు, జిపి11 సరఫరా సరిగా లేని చోట ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండడమే మేలు.

మోసిన్, ఫిన్నిష్ అన్నలు

రష్యన్ సైనిక రైఫిల్ మోసిన్ 91/30ని తిట్టడం తేలిక. బోల్ట్ పిడి పొట్టిగా, తిన్నగా పక్కకి ఉంటుంది, వేడెక్కితే అరచేత్తో కొట్టి తెరవాలి. సేఫ్టీ పెట్టాలంటే వెనక గుండుని గట్టిగా లాగి తిప్పాలి, ముసలివాళ్ల వల్ల కాదు. సైట్లు బాయొనెట్ తగిలించి సరిచేసినవి కాబట్టి బాయొనెట్ తీసేస్తే తూటా వేరే చోట పడుతుంది. బోల్ట్ పట్టుకుపోవడం మాత్రం చాలాసార్లు రైఫిల్ తప్పు కాదు. చాంబర్‌లో గట్టిపడ్డ పాత గ్రీజు ఉంటుంది. దాన్ని పూర్తిగా కడిగితే సగం బాధ పోతుంది.

ఫిన్లాండ్ వాళ్లు అదే యాక్షన్‌ని తీసుకుని మంచి బ్యారెల్, మంచి కర్ర, పక్కకి స్క్రూలతో సర్దుకునే ముందు సైట్ పెట్టి చేసిన ఎం39 వేరే తరగతి. ధర కూడా వేరే తరగతే. బోల్ట్ అదే మోసిన్ బోల్ట్ కాబట్టి వేగం రౌండ్‌లో గొప్ప లాభం ఉండదు, నెమ్మదిగా వేసే మ్యాచ్‌లకి మాత్రం ఇష్టంగా సిఫారసు చేస్తాను.

థర్టీ ఆట్ సిక్స్ కుటుంబం

తూటాలు ఎప్పుడూ దొరకాలంటే అమెరికన్ సైనిక తూటా .30-06 (థర్టీ ఆట్ సిక్స్) నిశ్చింత. ఇందులో మొదటి ఎంపిక స్ప్రింగ్‌ఫీల్డ్ 1903ఎ3. 1942లో వచ్చిన ఈ మోడల్‌లో పాత స్ప్రింగ్‌ఫీల్డ్ నిచ్చెన సైట్ తీసేసి వెనక పీప్ పెట్టారు, పక్కకి సర్దడానికి తిప్పే నాబ్ కూడా ఉంది. గాలి వీచే రోజున ఆ నాబ్ విలువ తెలుస్తుంది. అదే తూటా కాల్చే అమెరికన్ ఎం1917కి కూడా పీప్ సైట్ ఉంది, యాక్షన్ చాలా గట్టిది, బరువెక్కువ కాబట్టి తన్నుడు తక్కువ. పక్కకి సర్దే సదుపాయం మాత్రం లేదు.

మొదటి తరం 1903 కొనేటప్పుడు సీరియల్ నంబర్ చూడకుండా డబ్బివ్వకండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీవి 8,00,000 లోపు, రాక్ ఐలండ్‌వి 2,85,507 లోపు ఉంటే ఆ రిసీవర్ల ఉక్కుకి వేడి సరిగా పట్టించలేదు. కొన్ని పగిలిపోయాయి కూడా. అలాంటివి గోడకి తగిలించుకోడానికే.

ఎం1 గారండ్ సెమీ ఆటోమేటిక్ (ప్రతి షాట్ తర్వాత తనంతటదే మళ్లీ నింపుకుంటుంది), ఎనిమిది తూటాల క్లిప్. 80 సెకన్ల రౌండ్‌లో బోల్ట్ ఆడించే పని ఉండదు కాబట్టి బోర్లా పడుకున్నవాడు కదలక్కర్లేదు. సైట్లు పైకీ పక్కకీ క్లిక్కులతో సర్దుకోవచ్చు, ఒక్కో క్లిక్ 100 గజాల దగ్గర ఒక అంగుళం లెక్క. సైట్ల విషయంలో ఈ మొత్తం గుంపులో దీనిదే పైచేయి. కానీ తూటా విషయంలో నాజూకు. నేటి బరువైన, నెమ్మదిగా కాలే పౌడర్ ఉన్న వేట తూటాలు గ్యాస్ పోర్ట్ (బ్యారెల్ నుంచి గ్యాస్ వచ్చే రంధ్రం) దగ్గర ఒత్తిడి పెంచి, బోల్ట్‌ని వెనక్కి నెట్టే ఆపరేటింగ్ రాడ్‌ని వంచేస్తాయి. పాత సైనిక తూటా ఎం2 బాల్‌కి దగ్గరగా, సుమారు 150 గ్రెయిన్ల బుల్లెట్‌తో గారండ్ కోసం చేసిన తూటాలే వాడండి. మీ క్లబ్‌లో గారండ్‌కి వేరే వర్గం పెట్టి బోల్ట్ రైఫిళ్లతో కలపకపోతే, మీతో పోటీపడేవాళ్లు ఎంతమంది ఉంటారో కూడా కనుక్కోండి.

జపాన్ అరిసాకా గురించి ఒక్క ముక్క: యాక్షన్ గట్టిది, తొలి కాలంవి చక్కగా కాలుస్తాయి, తూటాలే గగనం. యుద్ధం చివరి రోజుల్లో హడావిడిగా చేసినవాటిని మ్యాచ్ కోసం తీసుకోకండి.

చేతికిచ్చిన రైఫిల్‌ని ఎలా చూడాలి

మోడల్ నిర్ణయించుకున్నాక ఆ ఒక్క రైఫిల్‌ని చూడడం ఇంకో పని. ముందు ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు నిర్ధారించుకోండి. కేసు లేని ఒట్టి బుల్లెట్‌ని మొన ముందుగా బ్యారెల్ మూతిలోకి దించి చూడండి. బుల్లెట్ లావు భాగం అంచు దగ్గర ఆగితే మూతి బాగున్నట్టే. మొత్తం లోపలికి మునిగిపోతే ఏళ్ల తరబడి రాడ్డుతో ముందునించి తుడిచి అరగదీశారని అర్థం. గ్రూప్ పాడయ్యేది అక్కడే. లోపల నల్లగా ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, రైఫ్లింగ్ అంచులు నిలబడి ఉంటే చాలా నల్ల బ్యారెళ్లు బాగానే కొడతాయి. మెరిసిపోతున్నా మూతి అరిగినవి మాత్రం కొట్టవు. ఆ తర్వాత తుపాకీ రిపేర్ తెలిసిన మనిషితో హెడ్‌స్పేస్ గేజ్ (మూసిన బోల్ట్‌కీ చాంబర్‌కీ మధ్య జాగా కొలిచే పరికరం) పెట్టించండి. ఈ పని చేయకుండా మొదటి షాట్ వేయకూడదు.

సైనిక సరుకు తూటాలు చవగ్గా దొరికితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. అయస్కాంతానికి అంటుకునే బుల్లెట్లని చాలా రేంజ్‌లు రానివ్వవు. ఒక్కోసారి లోపల ఉక్కు లేకపోయినా పై తొడుగు వల్లే అంటుకుంటుంది, రేంజ్ ఆఫీసర్ మాత్రం ఆ వాదన వినడు. రెండోది ప్రైమర్, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే మూత. పాతవాటిలో ఉన్న పొటాషియం క్లోరేట్ కాలాక ఉప్పులాంటి మడ్డి మిగులుతుంది, అది తేమ పీల్చుకుని ఒకట్రెండు రోజుల్లోనే తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పుని కరిగించదు. ఇంటికి రాగానే మరిగే నీళ్లు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. గారండ్ అయితే గ్యాస్ సిలిండర్ కూడా కడగాలి, కాబట్టి దాంట్లో ఇలాంటి తూటాలు వాడకపోవడమే హాయి.

నేనైతే ఏది చెబుతాను

వేగం రౌండ్ ఉన్న మ్యాచ్, మొదటి రైఫిల్, తూటాలు నింపుకోవడం తెలుసు: సర్దుకునే సైట్ ఉన్న నంబర్ 4. తూటాలు కొట్లో కొనుక్కోవడమే తప్ప నింపే ఓపిక లేదంటే 1903ఎ3. భుజానికో మెడకో దెబ్బ తగిలి ఉన్నవాళ్లకి, సన్నగా ఉన్నవాళ్లకి, ఇంట్లో కుర్రవాళ్లకి నేర్పాలనుకునేవాళ్లకి ఎం96. జిపి11 పెట్టెలు ముందే కొని దాచుకున్నవాళ్లకి కె31, అందులో రెండో మాట లేదు. కార్బైన్ల జోలికి మాత్రం పోవద్దు. లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 5 అయినా, మోసిన్ ఎం44 అయినా పొట్టి బ్యారెల్ చేసే చప్పుడికీ మంటకీ పది షాట్ల తర్వాత ట్రిగ్గర్ నొక్కక ముందే కళ్లు మూసుకుపోతాయి.

ఇప్పటికే బీరువాలో 91/30 ఉన్నవాళ్లు దాన్ని అమ్మేసి కొత్తది కొనక్కర్లేదు. చాంబర్ శుభ్రంగా కడిగి, ముందు మొన మీద సన్నటి కరెంటు వైరు తొడుగు ముక్క ఎక్కించి కొద్దికొద్దిగా కత్తిరిస్తూ 100 గజాలకి ఎత్తు సరిచేసుకోండి. మ్యాచ్ నియమాలు ఆ తొడుగుని ఒప్పుకోకపోతే గురిని ఎంత కిందికి పెట్టాలో ప్రాక్టీస్‌లోనే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి. ఒక సీజన్ నెమ్మది రౌండ్లలో మాత్రమే ఆడండి. ఈలోగా రేంజ్‌లో పక్కవాళ్ల రైఫిళ్లు అడిగి ఒకట్రెండు క్లిప్పులు వేసి చూడండి, పాత రైఫిళ్ల వాళ్లు అడిగితే కాదనరు.